మోచేతి గీత

అల్మరా తలుపు ఒకటి సరిగ్గా పడటం లేదని డాక్టరమ్మ ఇంటి నుంచి ఫోను వచ్చింది. బందు స్క్రూ రెండు చుట్లు బిగిస్తే అయిపోయే పని. అయినా వడ్రంగి మేస్త్రీ సంచీ మొత్తం సర్దుకునే బయల్దేరాడు. శుక్రవారం బిల్డరు వచ్చి చూడబోయేది తామే చేసిన ఆ వంటగదినే. అది నచ్చితే, అతను కట్టిన నలభై ఫ్లాట్లకీ వంటగదులు చేసే పని మేస్త్రీ కూతురి చేతికి వస్తుంది. నెల రోజులుగా ఆమెకి కంచం ముందు కూర్చున్నా నలభై, చెప్పులు వేసుకుంటున్నా నలభై.

డాక్టరమ్మ అప్పటికే ఆస్పత్రికి వెళ్లిపోయింది. వంటావిడ లోపలికి పిలిచి, ఏ తలుపో చూపించి, తన పనిలో పడింది. మేస్త్రీ నొప్పి ఉన్న కుడి మోకాలిని చాపుకుని, పొయ్యి పక్క అల్మరా ముందు కూలబడ్డాడు. స్క్రూడ్రైవరు తిప్పుతుంటే కంటికి ఎదురుగా వంటావిడ పాదాలు తప్ప ఇంకేం లేవు.

ఆ పాదాలు ఊరికే ఉండటం లేదు. కుడికాలి బొటనవేలు గట్టు కిందనుంచి ఒక చెక్కపీటను బయటికి లాగింది. రెండు పాదాలూ దాని మీదికి ఎక్కాయి. పైన గరిటె చప్పుడు. దిగాయి. మడమ పీటను సింకు వైపు నెట్టింది. మళ్లీ ఎక్కాయి. కుళాయి చప్పుడు. దిగాయి. బొటనవేలు మళ్లీ పీటను వెనక్కి లాక్కొచ్చింది. కంటితో పనిలేకుండా కాళ్లు వాటంతటవే చేసుకుపోతున్న పని అది. స్క్రూ బిగిశాక కూడా మేస్త్రీ లేవలేదు. అలాగే కూర్చుని లెక్కపెట్టాడు. ఒక కూర పొయ్యి ఎక్కి దిగేలోగా ఆమె పదహారుసార్లు ఎక్కింది, పదహారుసార్లు దిగింది. పీట ఎక్కినా గరిటె తిప్పేటప్పుడు భుజం చెవి దాకా లేస్తూనే ఉంది.

ఆ పీటేమిటని అడిగాడు.

"అది నా మేడండీ. ఎక్కితేగానీ గిన్నెలో ఏం ఉడుకుతోందో కనబడదు" అంది ఆమె, వెనక్కి తిరగకుండానే. "వంటగది మాత్రం మా గొప్పగా చేశారు మేస్త్రీగారూ. పొడుగాటి వాళ్లింటికి చుట్టపుచూపుగా వచ్చి వంట చేస్తున్నట్టుంటుంది, అంతే."

ఆమె పొయ్యి కట్టేశాక అతను పీటను చేతిలోకి తీసుకున్నాడు. రెండు ప్లైవుడ్ ముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి, కింద అడ్డంగా రెండు బద్దలు పెట్టి మేకులు కొట్టిన పీట అది. మేకులు వంకరగా దిగాయి. అంచు తిప్పి చూస్తే నీలం పెన్సిలుతో గీసిన ఇంటూ గుర్తు. పనికిరాని ముక్కల మీద తను వేసే గుర్తే. ఈ వంటగది చేస్తుండగా మిగిలి, బయట పారేయమన్న ముక్కలు.

అతనికి రావలసింది బాధ. వచ్చింది సంతోషం. దాచుకుంటే బాగుండదనిపించేంత సంతోషం.

ఈ వంటగది పూర్తయిన రోజు ఫొటోలు తీసే కుర్రాడు వచ్చాడు. గొడుగులాంటి దీపాలు పెట్టాడు. "కొంచెం పక్కకి జరగండి పెద్దాయనా, వెలుతురుకి అడ్డమొస్తున్నారు" అన్నాడు. మేస్త్రీ జరిగాడు. ఇంకొంచెం అన్నాడు. ఇంకొంచెం జరిగాడు. చివరికి సంచీ పట్టుకుని గుమ్మం అవతల నిలబడ్డాడు. ఫొటోలో గట్టుకి ఆనుకుని కూతురు నవ్వుతూ ఉంది. కింద ఆమె పేరు, పేరు కింద డిజైనర్ అని ఉంది. ఆ ఫొటో ఇప్పుడు ఊళ్లో వాళ్లందరి ఫోన్లలోనూ తిరుగుతోంది. చేసిన చేతులు మాత్రం రెండు గజాల అవతల ఉండిపోయాయి. ఆ డిజైన్‌లో ఇంత పెద్ద లోపం. అతను తలుపు రెండుసార్లు తీసి వేసి చూసి, వంటావిడకి చెప్పి, ఈల వేసుకుంటూ మెట్లు దిగాడు.

ఇంటికి వచ్చి చొక్కా విప్పుతూనే భార్యకి చెప్పాడు. "నీ కూతురు కట్టిన వంటగదిలో పీట ఎక్కి వండుకుంటున్నారు. డిజైనరు కదా మరి."

ఆమె ఉతికిన బట్టలు మడతపెడుతోంది. మడత ఆపలేదు. ఆ వంటావిడ ఎంత ఉంటుందని అడిగింది. అతను తన రొమ్ము దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. ఆమె ఆ చేతి వైపు కాసేపు చూసింది.

"ఎత్తులవీ తీసేది మీరేగా? గోడకి నిలబెట్టి, మోచెయ్యి మడవమని, సుద్దముక్క పుచ్చుకుని అందర్నీ గంటసేపు చంపుతారుగా."

మేస్త్రీ పైకి చూసి, ఈ ఫ్యాను తిరగడం లేదేమిటన్నాడు. ఫ్యాను బాగానే తిరుగుతోంది.

మర్నాడు పొద్దున్నే షెడ్డు తాళం తీసి అటక మీంచి కొలకర్రల కట్ట దింపాడు. సన్నటి చెక్క బద్దలు, ఒక్కో వంటగదికి ఒక్కోటి. అంకెలంటే అతనికి చిన్నప్పటి నుంచీ పడదు. బళ్లో ఉన్న నాలుగేళ్లూ ఆ అంకెలే అతన్ని కొట్టించాయి. అందుకే గీతల్నే నమ్ముకున్నాడు. వంట చేసే మనిషిని గోడకి వీపు ఆనించి నిలబెట్టి, మోచెయ్యి మడిచిన చోట గోడ మీద సుద్దతో గీత గీస్తాడు. దానికి బెత్తెడు కింద గట్టు. చెయ్యి పైకెత్తి, మునివేళ్లు ఎక్కడిదాకా ఆనితే అక్కడ ఇంకో గీత. దాని మీద ఏ అరా ఉండకూడదు. ఆ గీతల్ని కర్ర మీదికి ఎక్కించుకుంటాడు. కూతురు ఆ కర్రను టేపుతో కొలిచి కంప్యూటర్‌లో బొమ్మ గీసుకుంటుంది. ఇన్నేళ్లలో ఆ కర్ర ఒక్కసారీ అబద్ధం చెప్పలేదు.

డాక్టరమ్మ కర్ర దొరికింది. పనిబల్ల మీద పెట్టి చూడ్డానికి నడుం వంచాడు. పని నేర్పినాయన నుంచి వచ్చిన బల్ల అది. దాని దగ్గర వంగడం అతనికి ఊపిరి తీయడం లాంటిదే, వంగుతున్నానని కూడా తెలీదు. మోచేతి గీత స్పష్టంగా ఉంది. బెత్తెడు కింద గట్టు గీత. కర్ర పట్టుకెళ్లి నిలబెడితే ఇప్పటి గట్టుకి వెంట్రుకవాసి తేడా ఉండదు.

ఆ రోజు గోడకి నిలబెట్టింది డాక్టరమ్మని. ఇంటి యజమానురాలు, పొడుగు మనిషి. ఆస్పత్రికి టైమైపోతోందని చెప్పులతోనే నిలబడబోతే, విప్పించి మరీ నిలబెట్టాడు. అంత జాగ్రత్తగా తీశాడు. ఈ పొయ్యి మీద వండేది మీరేనా అన్న ఒక్క మాట మాత్రం అడగలేదు.

కర్ర తప్పు కాదు. కూతురి బొమ్మ తప్పూ కాదు. నిన్న మెట్ల మీద వేసిన ఈల గుర్తొచ్చి అతనికి చెవులు వేడెక్కాయి.

కూతురి ఆఫీసు బజారు వీధిలో ఒక మేడమీది గది. ఎదురు గోడకి తెల్ల బోర్డు ఉంది. వ్యాపారం పెంచుకోవడం ఎలాగో చెప్పే క్లాసుకి ఆమె రెండు రోజులు వెళ్లొచ్చింది. లక్ష్యాలు రోజూ కళ్లబడే చోట రాసుకోవాలని అక్కడెవరో కోటు వేసుకున్నాయన చెప్పాడట. అందుకని రాసుకుంది. ఈ ఏడు నలభై వంటగదులు. షోరూము. డ్రాయింగులకి ఇద్దరు మనుషులు. చివరి వరస ఏమిటో మేస్త్రీకి చూడకుండానే తెలుసు. నాన్న సైటుకి రావడం తగ్గించాలి. గదిలోకి ఎప్పుడొచ్చినా అతను ఆ బోర్డుకి వీపు పెట్టే కూర్చుంటాడు.

ఇవాళ కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. పీట సంగతి, పదహారుసార్లు ఎక్కి దిగడం, భుజం. చెప్పి, కొలకర్రను ఆమె టేబుల్ మీద పెట్టాడు.

"నీ బొమ్మలో తప్పు లేదు. తప్పు నాది. వండని మనిషికి గీత గీశాను."

కూతురు కర్ర వైపు చూడలేదు. తండ్రి మొహం వైపు చూసింది. "నువ్వు తప్పు నాది అనడం నేనిదే వినడం నాన్నా. అమ్మకి చెప్పావా?"

"మీ అమ్మే నాకు చెప్పింది."

ఆమెకి నవ్వు రాబోయి ఆగిపోయింది. క్యాలెండరు చూసింది. మంగళవారం. పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది. శుక్రవారం అయిపోయాక చేద్దామంది. బిల్డరు ఒక్క గంట ఉండి వెళ్లిపోతాడు. ఈలోగా గట్టు విప్పి, రాయి ఎక్కడైనా పగిలితే చూపించడానికి ఇంకో వంటగది లేదు. ఆవిడ మూడు నెలలు ఓర్చుకుంది, ఇంకో మూడు రోజులు ఓర్చుకోలేదా అంది. అన్న తర్వాత ఆ మాట తనకే నచ్చనట్టు కిటికీ వైపు తిరిగింది.

అందులో న్యాయం లేకపోలేదు. మేస్త్రీకి అదీ తెలుసు. కర్ర తీసుకుని బయల్దేరబోయి ఆగాడు.

"శుక్రవారం ఆ పీట ఎక్కడ దాస్తావు?"

ఆమె బోర్డు మీది అంకె వైపు చూసింది.

"ఇక్కడంటే ఒకటే గనక దాచేస్తాం. ఆ నలభైలో ఎన్ని పీటలు వస్తాయో ఎవరికి తెలుసు?"

ఆమె లేచి చున్నీ సర్దుకుని, పద అంది. మెట్లు దిగుతుంటే అతని మోకాలి కోసం ముందు నడుస్తూ, ఏమీ ఎరగనట్టు నెమ్మదిగా దిగింది.

డాక్టరమ్మ సాయంత్రం ఆరింటికి వచ్చింది. విషయం నిలబడే వింది. సరాసరి వంటగదిలోకి వెళ్లి, గట్టు కిందికి వంగి, పీటను బయటికి లాగి, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"రెండు నెలలుగా ఈవిడ భుజానికి మాత్రలిస్తున్నాను" అంది, ఎవరితోనూ కాకుండా. తర్వాత వంటావిడ వైపు తిరిగింది. "ఒక్క మాట చెప్పొచ్చు కదా."

"నొప్పి ఎక్కడన్నారు, చెప్పాను. ఎందుకొచ్చిందని అడిగితే అదీ చెప్పేదాన్నమ్మా."

డాక్టరమ్మ పీటను కింద పెట్టింది. ఏం చెయ్యాలో చేసేయండని కూతురితో చెప్పింది. పొద్దున్నే కెటిల్‌తో టీ పెట్టుకునే కిటికీ పక్క మూల ఒక్కటీ తన ఎత్తులో ఉంటే చాలంది.

మేస్త్రీ సుద్దముక్క తీసి, వంటావిడని గోడకి ఆని నిలబడమన్నాడు. ఆమె ముందు ఒప్పుకోలేదు. వీపుకి చెమటగా ఉంది, గోడ పాడవుతుందంది. గోడ పాడైతే తుడుస్తానన్నాడు. చివరికి నిలబడి మోచెయ్యి మడిచింది. ఎవరో తనని కొలుస్తున్నారంటే ఎక్కడ చూడాలో తెలీక ఎదురు గోడనే చూస్తూ ఉండిపోయింది.

"ఆ రోజే నన్ను నిలబెట్టి ఉండాల్సిందమ్మా. నువ్విక్కడ ఉన్నట్టు కూడా నాకు గుర్తులేదు" అన్నాడు, గీత గీస్తూ.

"ఉన్నానండీ. గుమ్మంలో టీ కప్పులు పట్టుకుని నిలబడ్డాను." ఆమె గొంతులో నిష్ఠూరం ఏం లేదు, జరిగింది చెప్పడమే. "కొంచెం పక్కకి జరగమ్మా, వెలుతురుకి అడ్డమొస్తున్నావు అన్నారు మీరు. జరిగాను."

సుద్దముక్క గోడ మీద ఆగిపోయింది. గీత సగంలో కాస్త లావుగా వచ్చింది. మేస్త్రీ దాన్ని బొటనవేలితో తుడిచి మళ్లీ మొదటి నుంచి గీశాడు. కూతురు పక్కనే టేపు పట్టుకుని ఉంది. ఆమెకి ఆ మాట ఇంకెక్కడో విన్నట్టు గుర్తొచ్చిందో లేదో అతను చూడలేదు. పాత గట్టుకీ కొత్త గీతకీ ఆరు అంగుళాలు తేడా.

బుధ, గురువారాలు రెండూ అందులోనే పోయాయి. రాయి కోసేవాడు వచ్చి, దుమ్ము లేవకుండా నీళ్లు పోస్తూ కిటికీ మూల దగ్గర గట్టు రాతిని కోశాడు. ఆ ముక్కను నలుగురు పట్టి దుప్పటి మీద పడుకోబెడుతుంటే కూతురు వరండాలోకి వెళ్లిపోయింది, పగిలితే చూడలేనని. పగల్లేదు. ప్లంబరు సింకు పైపు తగ్గించాడు. మేస్త్రీ అల్మరాల కింద నాలుగంగుళాల కాళ్లు తీసేసి, అడుగు సొరుగుల్ని ఒక్కోటీ విప్పి, రెండేసి అంగుళాలు కోసి మళ్లీ బిగించాడు. ముందు పలకల అంచుకి పట్టీ అంటించి, ఇస్త్రీపెట్టె వేడితో రుద్ది, గోరుతో గీకి చూసుకున్నాడు. గట్టు దిగాక గోడ టైల్స్ కింద ఆరంగుళాల బోసి గోడ తేలింది. అక్కడ ఏం పెట్టాలో కూతురు ఆలోచించింది. కోతలో మిగిలిన రాతినే సన్నటి పట్టీగా కోయించి అతికించమంది. ముందు నుంచీ అలాగే అనుకుని చేసినట్టు కుదిరింది. ఆ సంగతి మేస్త్రీ పైకి అనలేదు గానీ, రెండడుగులు వెనక్కి వెళ్లి ఒకసారి తల ఊపాడు. కూతురు చూడనట్టే చూసింది. ఎత్తు మారే చోట రాతి అంచుని మాత్రం అతనే కూర్చుని అరగంట రుద్దాడు, పని చేసుకునే చెయ్యి తగిలినా గీరుకోకుండా.

శుక్రవారం పదకొండింటికి బిల్డరు వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో రెండు ఫోన్లు. సొరుగులు లాగాడు, వదిలాడు. అవి చప్పుడు లేకుండా వాటంతటవే లోపలికి పోతుంటే సంతోషించాడు. తర్వాత కిటికీ మూల దగ్గర ఆగి, ఈ మెట్టేమిటన్నాడు.

మేస్త్రీ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. జవాబు చెప్పాల్సింది కూతురు. పాత డిజైన్ అనో, ఇప్పటి ఫ్యాషన్ అనో ఏదో ఒకటి చెప్పి గట్టెక్కొచ్చు. ఆమె చెప్పలేదు. ముందు తప్పు ఎత్తులో చేశామని, వండే ఆవిడకి అందక దించామని, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మీ ఫ్లాట్లలో కూడా రాయి చివర్లో వేస్తామని, ఇంట్లోకి వచ్చేవాళ్లలో ఎవరు వండుతారో అడిగి ఎత్తు పెడతామని అంది.

బిల్డరు నవ్వాడు. "నలభై ఇళ్లు తిరిగి నలభైసార్లు అడుగుతారా?"

"అడగాలి కదండీ."

"చూడమ్మా, కొనేవాడు చూసేది మెరుపు. ఎత్తు ఎవడు చూస్తాడు? అన్నీ అచ్చుగుద్దినట్టు ఒకే ఎత్తులో చేసివ్వు, నలభై నీవే. ఇప్పుడే మాటిస్తా."

మేస్త్రీ గుమ్మం దగ్గర నుంచి కూతురి వైపు చూశాడు. ఇప్పుడు ఆమె సరే అన్నా తను తప్పుపట్టలేడు. బోర్డు మీద రోజూ చూసుకుంటున్న అంకె అది. వంటావిడ ఇదేమీ పట్టనట్టు పొయ్యి దగ్గర నిలబడి ఉల్లిపాయలు తరుగుతోంది. భుజాలు రెండూ సమంగా, కిందికి ఉన్నాయి. కూతురు కాసేపు ఆ భుజాల వైపే చూసింది.

"అలా అయితే మావల్ల కాదండీ" అంది.

బిల్డరుకి ఇలాంటి జవాబు అలవాటు లేదు. ఒక ఫోను జేబులో పెట్టుకుని, రెండోది తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. ఇంకోసారి సొరుగు లాగి వదిలాడు. తనకంత ఓపిక లేదని, అచ్చుపోసి ఇచ్చేవాళ్లు బోలెడుమంది ఉన్నారని గొణిగాడు. కింద అంతస్తులో ఆరిళ్లకి మాత్రం కొన్నవాళ్లు అప్పుడే వచ్చి కూర్చున్నారని, అది ఇక్కడ కావాలి, ఇది అక్కడ కావాలి అని ప్రాణం తీస్తున్నారని చెప్పాడు. "ఆ ఆరూ మీరు చూసుకోండి. అడుక్కుంటారో కొలుచుకుంటారో మీ ఇష్టం. నా దగ్గరికి రాకుండా చూస్తే చాలు."

అతను వెళ్లాక కూతురు వంటగది నేల మీద చతికిలబడింది. ఏడుస్తుందేమోనని మేస్త్రీ దగ్గరికి వెళ్లాడు. ఆమె నవ్వుతోంది. నవ్వు ఆపుకోలేక తల వెనక్కి అల్మరాకి ఆనించింది.

"నలభై వస్తే ఏం చేసేదాన్నో నాకు తెలీదు నాన్నా. నెల రోజులుగా తిన్నది అరగడం లేదు. ఆరు చేయగలను. ఆరంటే నాకిప్పుడే ఆకలేస్తోంది."

వంటావిడ అది విని రెండు కంచాలు కడిగింది. వాళ్లు తిని లేచేటప్పుడు గట్టు కిందనుంచి పీట తీసి మేస్త్రీకి అందించింది. "ఇంక నాకు దీంతో పనిలేదు. మీ చెక్కేగా, మీరే ఉంచుకోండి."

ఆఫీసుకి వెళ్లగానే కూతురు బోర్డు మీద నలభై తుడిచి ఆరు అని రాసింది. తర్వాత చివరి వరస దగ్గర ఆగింది. మేస్త్రీ ఈసారి బోర్డుకి ఎదురుగానే కూర్చున్నాడు. అది నీ మోకాలు చూసి రాశానంది ఆమె. తెలుసన్నాడు. నిజంగా తెలుసు, తెలియనట్టు ఉంటే కోపంగా ఉండటానికి వీలుగా ఉండేది. దాన్ని ఉండనీ అన్నాడు, మోకాలిది నిజమే కదా. ఆమె దాన్ని తుడవలేదు. చివర రెండు మాటలు చేర్చింది. గీతకి తప్ప.

"ఇప్పుడు ఆ సుద్దముక్క ఇలా ఇవ్వు. ఆరిళ్లకీ నువ్వే వచ్చినా, ఎలా గీస్తావో నాకూ తెలియాలి. ముందు నీమీదే నేర్చుకుంటా."

షెడ్డులో అతన్ని గోడకి నిలబెట్టింది. మోచెయ్యి మడవమంది. ఇంకొంచెం నిటారుగా నిలబడు నాన్నా అంది, తను నిటారుగానే ఉన్నాననుకుంటున్న మనిషిని. గీత గీసింది. బెత్తెడు కింద ఇంకోటి గీసింది. కర్ర మీదికి ఎక్కించి, ఆ కర్రను తీసుకెళ్లి పనిబల్ల పక్కన నిలబెట్టింది. నిలబెట్టి, తండ్రి వైపు చూసింది.

బల్ల నాలుగంగుళాలు కిందికి ఉంది.

మేస్త్రీ దాన్ని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. పని నేర్పినాయన పొట్టి మనిషి, తన భుజం దాకా వచ్చేవాడు. ఆయన మోచేతికి ఆయన చేసుకున్న బల్ల. ఆయన పోయి ఇరవయ్యేళ్లయింది. ఊళ్లో వంటగదులన్నీ కొలిచినవాడు ఇరవయ్యేళ్లుగా ఆయన మోచేతి దగ్గరే వంగి పనిచేస్తున్నాడు. రోజూ పడుకునే ముందు భార్య చేత నడుముకి మందు రాయించుకుంటున్నాడు.

వంటావిడ ఇచ్చిన పీటను బల్ల మీద పెట్టి నాలుగు ముక్కలు కోశాడు. వంకర మేకులు పీకేసి, ముక్కల్ని బద్దలతో సహా పేర్చి నాలుగంగుళాలకి ఎత్తు సరిచేశాడు. కూతురు బల్లను ఒక్కో మూలా ఎత్తి పట్టుకుంటే ఒక్కో కాలి కిందా ఒక్కోటి దోపాడు. చివరి ముక్క అంచు మీది నీలం ఇంటూ గుర్తు బయటికి కనబడింది. దాన్ని అలాగే ఉండనిచ్చాడు.

తర్వాత ఒక చెక్క బిగించి చిత్రిక పట్టాడు. మొదటిసారి తోసినప్పుడు చేతులు పాత ఎత్తుని వెతుక్కుని తడబడ్డాయి. రెండోసారి చిత్రిక ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకే పొడుగాటి పొట్టు తీస్తూ వెళ్లింది. మేస్త్రీ ఆ పొట్టును వేలికి చుట్టుకుని కాసేపు నిలబడ్డాడు. నడుం మీద చెయ్యి వేసుకోవడం అలవాటుగా జరగాల్సింది, జరగలేదు. అతను ఇంకో చెక్క అందుకున్నాడు.